చెరువు గట్టు మీద సముద్రం పాఠం

మంగళవారం, రాత్రి పదిన్నర.

పొద్దున ఏడింటికి కంప్యూటర్ ముందు కూర్చుంటే, భోజనాల వేళకు కూడా నేను తెర మీద కడుతున్న ఓడరేవు బొమ్మలో నీళ్లు కుదుటపడలేదు. బయట సముద్రంలో రెండు మీటర్ల అల. గోడ దాటి రేవులోకి వచ్చేసరికి అది సగానికి తగ్గాలి. మెట్ల దగ్గర నీళ్లు ఊరికే అలా కదిలితే చాలు. పని ఇచ్చినవాళ్లు అడిగింది ఇంతే.

బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల ప్రోగ్రామ్‌లో సముద్రం పుట్టించడం కష్టమేమీ కాదు. 2001లో గ్రాఫిక్స్ పరిశోధకుడు జెర్రీ టెసెన్‌డార్ఫ్ పాఠాల్లో వివరించిన దారే ఇప్పటికీ నడుస్తోంది: గాలి వేగం, దిశ చెబితే ఎన్నో చిన్నా పెద్దా అలలను కలిపి చదరమంత నీళ్లు చేసి ఇస్తుంది. ఆ చదరాన్ని గచ్చు మీద బండల్లా ఎంత దూరమైనా పరుచుకోవచ్చు. చిక్కు కూడా అక్కడే, ఆ నీళ్లకు ఒడ్డు ఉంటుందని తెలియదు. ఒడ్డును మనం చెప్పాలి. నలుపు తెలుపుల్లో ఒక బొమ్మ గీసి అల ఎత్తును దానితో గుణిస్తాం. తెలుపున్న చోట నిండు అల, నలుపున్న చోట సున్నా.

రేవు ముఖం దగ్గర 128 బూడిద రంగు పూశాను. నలుపు 0, తెలుపు 255; అందులో సగం కదా, మీటరు అల లేవాలి. మోకాలెత్తు కూడా లేవలేదు. గాలి వేగం పెంచాను. బయట తుఫాను రేగింది గాని రేవులో మార్పు లేదు. గంట పోయాక తెలిసింది, ప్రోగ్రామ్ నా బొమ్మను అంకెలుగా కాక ఫొటోలా, రంగులుగా చదువుతోంది. అలా చదివితే 128 లెక్కలోకి వచ్చేసరికి 0.22 దగ్గర పడుతుంది, అంటే 43 సెంటీమీటర్లు. ఇది రంగు కాదు, ఉత్త అంకెలే అని చెప్పే 'నాన్ కలర్'కు మార్చగానే అల లేచింది. ఈ పొరపాటు నాకిది మూడోసారి. గోడకు చీటీ అంటించాను, రెండోసారి అంటించిన చీటీ పక్కనే.

నురగను కూడా ఆ బొమ్మతో గుణించడం మరిచానని ఆ తర్వాత చూశాను. కదలని నీళ్ల మీద మజ్జిగ ఒలికినట్లుంది.

"సముద్రాన్ని ఒక్కసారి చూశావు, అదీ ఆరేళ్లప్పుడు. ఏం చేస్తావురా?" అంది అమ్మ. మాట పడి, సాయంత్రం నల్గొండ పక్కనున్న పానగల్లు వెళ్లాను. అక్కడి చెరువు ఉదయసముద్రం, పేరులోనైనా సముద్రం ఉంది. కృష్ణా నీళ్లతో నిండుగానే ఉంది. గాలి నా వీపు వైపు నుంచి వీస్తోంది. గట్టు కింద నీళ్లు నూనె పోసినట్లు నున్నగా ఉన్నాయి. కాస్త దూరంలో సన్నని ముడతలు మొదలయ్యాయి, ఇంకా అవతల నీటి రంగే ముదిరింది. చుట్టూ నడిచి ఎదురు ఒడ్డుకు వెళ్తే, అదే గాలికి అలలు రాళ్లను చప్పుడు చేస్తూ కొడుతున్నాయి. ఒడ్డూ ఒడ్డే, కాని రెండు చోట్లా నీళ్లు వేరు. నేనేమో రేవు గోడకు రెండు వైపులా ఒకే బూడిద రంగు పట్టీ పూశాను!

ఇంటికొచ్చి ఆ పట్టీ చెరిపేశాను. గాలికి ఎదురున్న వైపు తెలుపును గోడ దాకా తెచ్చాను, చాటు వైపు నలుపును చాలా దూరం లాగాను. తొమ్మిదింటికి అమ్మను పిలిచి చూపించాను. కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చూసింది.

"నీళ్లు బాగున్నాయి గాని, ఆ మెట్ల మీద పాచి ఏదిరా?"