మాత్రతో పోయిన మార్పులు, పోని మచ్చలు

నల్లగొండ జిల్లాలో ఎవరికి కీళ్లు పట్టేసినా, ఒళ్లు బరువెక్కినా అనుమానం ముందు నీళ్ల మీదికే పోతుంది. ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకరపోయిన మనుషులను చూస్తూ పెరిగిన మాకు అది సహజమే. అందుకే నా మోకాళ్లు బిగుసుకుపోయి, పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి ఉంటున్నప్పుడు ఇంట్లో అందరూ బోరు నీళ్లనే తిట్టారు. చర్మాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మండుటెండల్లో సైతం చెమట పట్టేది కాదు. ముంగాళ్ల మీద చర్మం పొట్టు లేచేది. కొబ్బరినూనె రాసినా పూట గడిచేసరికి మళ్లీ అంతే.

అరచేతులు పసుపు రంగుకు తిరిగాకే అందరికీ భయం పట్టుకుంది. అత్తమ్మ పచ్చకామెర్లని తేల్చి, "పసరు పోయించుకుంటే పోతది బిడ్డా" అన్నది. నల్లగొండలో చూపించుకుంటే డాక్టరు గారు కింది కనురెప్ప లాగి చూసి, కామెర్లయితే తెల్లగుడ్డు పచ్చబడాలి, మీకు అది తెల్లగానే ఉందన్నారు. అనుమానం థైరాయిడ్ మీదికి పోయింది. మెడలోని ఆ గ్రంథి ఇచ్చే హార్మోను తగ్గినప్పుడు క్యారెట్, బొప్పాయి వంటి వాటిలోని కెరోటిన్ విటమిన్-ఎ గా మారడం మందగించి, చర్మం మందంగా ఉండే అరచేతుల్లో, అరికాళ్లలో పేరుకుంటుందట. తర్వాత ముంగాలి ఎముక మీద బొటనవేలితో కాసేపు గట్టిగా నొక్కి పట్టి వదిలారు. గుంట పడలేదు. మామూలుగా నీరు చేరిన వాపయితే గుంట పడుతుందనీ, ఇక్కడ హైలురానిక్ ఆమ్లం వంటి జిగురు పదార్థాలు చర్మంలో చేరి నీటిని పట్టి ఉంచుతాయనీ వివరించారు. నేను పెన్సిల్‌తో దిద్దుకుంటున్న కనుబొమల కొసలను కూడా తుడిపించి, అక్కడ వెంట్రుకలు పలచబడ్డాయో లేదో చూశారు.

రక్తపరీక్షలో థైరాయిడ్‌ను పనిచేయమని పురమాయించే టీఎస్‌హెచ్ బాగా ఎక్కువగా, ఆ గ్రంథి ఇచ్చే హార్మోను టీ4 తక్కువగా ఉంది. ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద పడుతోందని తెలిపే యాంటీ టీపీవో కూడా పాజిటివ్ వచ్చింది. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో వర్ణించిన వ్యాధి ఇదే. హార్మోను లోటు తీర్చే లెవోథైరాక్సిన్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు, క్యాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. లేవగానే చాయ్ పడనిదే కదలని మా ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే. 6 నుంచి 8 వారాలకు మళ్లీ పరీక్ష చేసి మోతాదు సరిచేశారు. ముందు వాపు తీసింది, తర్వాత చెమట పట్టడం మొదలైంది, అరచేతుల పసుపు నెలల మీద తగ్గింది.

అప్పటికే వేళ్ల కణుపుల మీద ఉన్న తెల్లని బొల్లి మచ్చలు మాత్రం కదలలేదు. వాటిని చూసి కొందరు నాకు వేరే గ్లాసులో నీళ్లివ్వడం మొదలుపెట్టారు. బొల్లి అంటురోగం కాదని ఎంత చెప్పినా చెవికెక్కదు. హైదరాబాదులో చర్మవైద్యురాలు చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం వేస్తే మచ్చలు నీలి తెలుపుగా మెరిశాయి. దారి తప్పిన రోగనిరోధక శక్తి ఒకచోట థైరాయిడ్ గ్రంథిని, మరోచోట రంగునిచ్చే కణాలను దెబ్బతీస్తుందనీ, మాత్ర హార్మోను లోటును పూడ్చగలదే తప్ప ఆ కణాలను తిరిగి తేలేదనీ ఆమె చెప్పారు. ఈ తేడా మొదటే తెలిసి ఉంటే టీఎస్‌హెచ్ సరైన ప్రతిసారీ మచ్చల వైపు ఆశగా చూసేదాన్ని కాదు. ఇప్పుడు చర్మంలో ఆ దాడిని తగ్గించే టాక్రోలిమస్ పూతమందు, నారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కాంతి చికిత్స నడుస్తున్నాయి. ముఖం మీది మచ్చలు త్వరగా లొంగుతాయట, వేళ్ల మీదివి మొండివట. ఈ థైరాయిడ్ జబ్బు కుటుంబాల్లో నడుస్తుందని తెలిశాక మా చెల్లెకు కూడా టీఎస్‌హెచ్ చేయించాను.