నీళ్ళు రాలేదు, నడుం పోయింది

2022 జూలైలో గోదారి ఎలా వచ్చిందో కోనసీమవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అది దాటిపోయి, 25 లక్షల క్యూసెక్కుల పైన సముద్రంలోకి వదిలారు. ఆషాఢంలో అంత గోదారి మా నాన్న కూడా చూళ్ళేదు. మా ఊరు ఏటిగట్టుకి ఇవతల ఉంది. గట్టు ఉన్నంతసేపే ఆ ధైర్యం. కుర్రాళ్ళు ఇసక బస్తాలు పట్టుకుని రాత్రంతా గట్టు మీదే ఉన్నారు.

నేను మాత్రం సావిడిలో ఉన్నాను. పశువుల్ని తీసేశాక ఆ సావిడే నా వడ్రంగం కొట్టు అయింది. ఉలులు, రంపాలు, తాతగారి బాడిస, వాటి మధ్య మూడేళ్ళ క్రితం రాజమండ్రిలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న, చెక్కని చిత్రికపట్టే ప్లేనరు మెషీను. కొబ్బరికాయల కాటా మీద తూస్తే 42 కేజీలు తూగింది. అది గచ్చు మీద ఉంది. గట్టు తెగితే ముందు మునిగేది అదే.

"ఆచారి గారికి కబురెట్టండి, ఒక్కరూ ఎత్తకండి" అంది మా ఆవిడ. ఆచారిది ఏటి మధ్య లంక. వాళ్ళింట్లోకే మొలలోతు నీళ్ళు వచ్చాయి. అలాంటప్పుడు మెషీను ఎత్తడానికి రమ్మని ఎలా పిలుస్తాం? సరే, అది పైకి చెప్పుకునే కారణం. యాభైమూడేళ్ళకి కూడా ఒక్కణ్ణే ఎత్తగలనని నాకు నేను చూపించుకోవాలన్న యావ లోపల ఉంది.

నడుం వంచి, చేతులు బారజాపి ఎత్తాను. బల్ల ఎడం పక్కనుంది. అడుగు తీసి తిరగలేదు, పాదాలు అక్కడే ఉంచి మొండేన్ని తిప్పాను. చప్పుడేమీ రాలేదు. పిరుదు నుంచి మడమ దాకా కరెంటు కొట్టినట్టయింది. అలాగే దాన్ని బల్ల మీద పెట్టేశాను కూడా, అదే విచిత్రం.

గట్టు తెగలేదు. సావిడిలోకి చుక్క నీరు రాలేదు.

మర్నాడు పక్క ఊరి డాక్టరు గారి దగ్గరికి ఆటోలో పడుకుని వెళ్ళాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "పట్టేసిందండి" అని ఇంజెక్షను రాసి, నవ్వుతూ అన్నాడు: "అయినా మాస్టారూ, పిల్లలకి పాఠాలు చెప్పుకోక మీకీ వడ్రంగప్పని ఎందుకండీ?" గదిలో ఉన్న కాంపౌండరూ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది. కాలు ఎత్తించి చూడలేదు. బొటనవేలు పైకి లేపమనలేదు. లేపమని ఉంటే ఎడం కాలిది సగమే లేచేది.

మూడో రాత్రి. ఒంటిగంట అయ్యుంటుంది. సాయంత్రం నుంచి ఒంటికి వెళ్ళలేదని అప్పుడు గుర్తొచ్చింది. గోడ పట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. పొత్తికడుపు కుండలా బిగిసి ఉంది, చుక్క రావడంలేదు. కుళాయి తిప్పి ఆ శబ్దం వింటూ కూర్చున్నాను, చిన్నపిల్లల్ని కూర్చోబెడతామే, అలాగ. లాభం లేదు. అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. కూర్చున్నచోట సీటు చల్లగా తగలడంలేదు. చేత్తో తొడల లోపలివైపు తడుముకున్నాను. చేతికి తొడ తెలుస్తోంది, తొడకి చెయ్యి తెలియడంలేదు. ఇంకొకరి ఒంటి మీద చెయ్యి వేసినట్టుంది.

నొప్పి మాత్రం తగ్గింది. అందుకే నయమవుతోందేమో అనుకున్నాను కాసేపు. ఆ కాసేపు తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి.

మా ఆవిడ చెల్లెలి కూతురు విశాఖలో నర్సు. ఆ పిల్ల నైట్ డ్యూటీలో ఉండబట్టి ఫోనెత్తింది. "పెదనాన్నా, సిగ్గుపడకు. ఒంటికి ఎప్పుడెళ్ళావు? కడుక్కునేటప్పుడు నీళ్ళు తగిలినట్టు తెలుస్తోందా?" అంది. రెండే ప్రశ్నలు. చెప్పాను. అవతల రెండు క్షణాలు చప్పుడు లేదు. "పెద్దమ్మకి ఇవ్వు ఫోను" అంది. తెల్లారేదాకా ఆగొద్దనీ, స్కానింగూ ఆపరేషనూ రెండూ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళమనీ చెప్పిందట.

పక్కింటివాళ్ళ కారులో వెనక సీటు మీద వెల్లకిలా పడుకోబెట్టారు. రావులపాలెం దాటి జొన్నాడ వంతెన ఎక్కాక డ్రైవరు కుర్రాడు అద్దం దించాడు. చీకట్లో ఏమీ కనపడటంలేదు, గౌతమి హోరు మాత్రం కారు నిండా ఉంది. మా ఆవిడ నా తల ఒళ్ళో పెట్టుకుని వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కేసుకుంటోంది, పైకే. మామూలప్పుడైతే ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ రాత్రి, మధ్యలో ఆపకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఆసుపత్రిలో గొట్టం వేస్తే లీటరు దాకా వచ్చింది. ఎమ్మారై, సంతకాలు, పదింటికల్లా ఆపరేషను. అవన్నీ అందరికీ జరిగేవే. సర్జన్ గారు ఫిల్ము చూపించి చెప్పిన మాటలు మాత్రం రాయాలి. వెన్నుపాము నడుం మొదట్లోనే ఆగిపోతుందట. అక్కణ్ణుంచి నరాలు గుర్రం తోకలా కిందికి వేలాడతాయి. నడుం పూసల్లో నాలుగు, ఐదింటి మధ్య డిస్కు బయటికి పొంగి ఆ తోకని మొత్తం నొక్కేసింది. సాధారణంగా డిస్కు జారి కాలు లాగితే చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, కత్తి అక్కర్లేదు. కానీ మూత్రం బిగిసినా, కూర్చునేచోట స్పర్శ పోయినా గంటల లెక్క. 48 గంటలు దాటితే తిరిగొచ్చే ఆశ తగ్గిపోతుంది.

"ముందు చూసిన డాక్టరు ఇవేమీ అడగలేదా?" అన్నారాయన. నేను జవాబు చెప్పేలోపే ఫిల్ము కవర్లో పెట్టేశారు.

గొట్టం ఐదు వారాలుంది. ఆ ఐదు వారాలూ మా ఆవిడ ఏం చేసిందో రాస్తే తను ఒప్పుకోదు. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు రెండుసార్లు ఫోను చేసి, రెండుసార్లూ ఇన్సూరెన్సు సంగతే అడిగాడు. పోనీలెండి.

పక్క ఊరి డాక్టరు మీద కేసు వేద్దామన్నంత కోపం ఉండేది. ఆ వారమంతా ఆయన వరద పునరావాస కేంద్రాల్లో రాత్రింబవళ్ళు తిరిగాడనీ, నన్ను చూసిన రోజుకి రెండు రాత్రుల నిద్ర లేదనీ తర్వాత తెలిసింది. కోపం సగం పోయింది. మిగిలిన సగం ఆ నవ్వుది. అది పోదు.

24 ఏళ్ళుగా మీటరు స్కేలు మధ్యలో పెన్సిలు పెట్టి బలభ్రామకం పాఠం చెప్పినవాణ్ణి నేను. మంచం మీద పడుకుని నా లెక్క నేనే వేసుకున్నాను. వెన్ను వెనకాల కండరాలకి దొరికే చేయి, అంటే పూస నుంచి వాటి దూరం, సుమారు 5 సెంటీమీటర్లు. మెషీను నా నడుంకి 45 సెంటీమీటర్ల దూరాన ఉంది. అంటే తొమ్మిది రెట్లు. 42 కేజీలకి ఆ కండరాలు లాగింది 378 కేజీలు, నా మొండెం బరువు కలపకుండానే. అమెరికాలో నియోష్ అనే సంస్థ అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తడానికి 23 కేజీలే హద్దు పెట్టింది. ఒంటికి ఆనించుకుని, మెలి తిరగకుండా ఎత్తితేనే సుమా! పరీక్ష పేపర్లో ఇస్తే నా పిల్లలు నిమిషంలో చేసేస్తారు.

వరద తీశాక ఆచారి వచ్చాడు. గోడలకి ఇంకా బురద చారలున్న ఇంట్లోంచి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "మా ఇల్లు ములిగితే నా చేతులు ములిగాయా మాస్టారూ?" అన్నాడు. అంతకంటే పెద్ద చీవాట్లు నేను తినలేదు. తర్వాత సావిడిలోకి వెళ్ళి ఆ మెషీనుని చూసి, "ఇలాంటివి ఎత్తకూడదండి, నడిపించాలి" అన్నాడు. ఒక మూల కొంచెం లేపి కింద చెక్క తొయ్యడం, రెండో మూల లేపడం, గోనె మీద జార్చడం. వాళ్ళ నాన్న దూలాల్ని అలాగే నడిపించేవాడట.

ఇప్పుడు ప్లేనరు నడుమెత్తు స్టాండు మీద ఉంది, చక్రాలకి బ్రేకులున్నాయి. వాసానికి కాకుండా దూలానికి చైన్ పుల్లీ కట్టించాను. మీ ఇంట్లో కొట్టు ఉంటే బరువైనవి అటక మీదా, నేల మీదా పెట్టకండి. నడుం ఎత్తులో పెట్టుకోండి. తిరగాలంటే పాదాలతో తిరగండి. నడుం నొప్పితో ఉన్న మనిషిని ఆ రెండు ప్రశ్నలూ అడగండి, మొహమాటపడకుండా.

ఏడు శనివారాలూ వాడపల్లి వెళ్ళాను. నమ్మకమా అంటే చెప్పలేను. మొదటి వారం ప్రదక్షిణలో మూడుసార్లు కూలబడ్డాను, ఏడో వారం ఒక్కసారీ కూర్చోలేదు. బొటనవేలు ఇంకా పూర్తిగా లేవదు. ఎడం కాలి చెప్పు నడుస్తూనే జారిపోతుంది. ఒక్కోసారి రెండడుగులు ముందుకెళ్ళాకగాని జారిందని తెలియదు.

తర్వాత మళ్ళీ ఓ వర్షాకాలం గోదారి ఎర్రగా వచ్చింది. కబురు పెట్టకుండానే ఆచారి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. నాకు కుర్చీ వేసి, చేతికి టార్చిలైటు ఇచ్చాడు. గొలుసు లాగుతుంటే ప్లేనరు బెత్తెడు బెత్తెడు చొప్పున పైకి లేస్తోంది. "వెలుగు ఇటు కొట్టండి మాస్టారూ" అన్నాడు. కొట్టాను.