రిపోర్టు నేనే తెచ్చి, నేనే ఇరుక్కున్నా

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా. నిన్న రాత్రే గీజర్ బాగైంది, అయినా సర్వీస్ సెంటర్ మీద కోపం మాత్రం చల్లారలేదు.

చలికాలం మొదట్లో స్విచ్ వేయగానే లోపల పేలాలు వేగుతున్నట్టు చప్పుడు. అరగంటలో కాగే నీళ్లు గంటైనా గోరువెచ్చగానే ఉండేవి. తర్వాత ఎంసీబీ, అదే, తేడా వస్తే కరెంటు ఆపేసే స్విచ్, మాటిమాటికీ పడిపోవడం మొదలైంది. ఎలక్ట్రీషియన్ భావు వచ్చి నీళ్లు కాచే కడ్డీని, అదే ఎలిమెంట్‌ని, బయటికి లాగితే, తెల్లటి పెచ్చులు కట్టి మొక్కజొన్న కంకిలా ఉంది. ట్యాంకులోంచి అరబకెట్టు సున్నపు రజను వచ్చింది.

వారంటీ ఇంకా 4 నెలలుంది కదా అని ఆ కంకిని పేపర్లో చుట్టుకుని బస్సెక్కి చంద్రపూర్ వెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు "నీళ్ల రిపోర్టు తెండి, చూద్దాం" అన్నాడు. ల్యాబ్‌లో డబ్బు కట్టి 6 రోజులు ఆగి తెచ్చాను. కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగున్న సున్నం లాంటివి, లీటరుకు 640 మిల్లీగ్రాములు. తాగే నీళ్లకు 200 లోపు మంచిది, వేరే దిక్కులేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. అబ్బ, రుజువు దొరికిందనుకున్నా, పిచ్చిదాన్ని! వాడు ఆ 640 చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, వారంటీ కార్డు తిరగేసి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న లైను చూపించాడు. ఇంత కఠినమైన నీళ్లకి వారంటీ లేదట. పైగా ఎలిమెంట్ పైకెత్తి "తాయీ (అక్కా), ఇంట్లో నీళ్లు కాస్తున్నారా, సిమెంటు చేస్తున్నారా?" అన్నాడు. లైన్లో అందరూ నవ్వారు. పాతికేళ్లుగా ఇక్కడ మరాఠీ మాట్లాడుతున్నదాన్ని, ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు. చివరికి తెలుగులో "నీ మొహం మండ!" అని బయటపడ్డా. వెనకున్న ముసలాయన ఒక్కడికే అర్థమైంది, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

మా చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే వచ్చాయా? కింద సున్నపురాయి ఉంది కాబట్టే కదా! ఆ బోరు నీళ్లు కాగితే అందులో కరిగున్న సున్నం విడిపోయి ఎలిమెంట్‌కే అంటుకుంటుంది, ఎంత ఎక్కువ కాగితే అంత ఎక్కువ. అమ్మేటప్పుడు "మీది బోరు నీళ్లా?" అని ఒక్క మాట అడిగితే వీళ్ల సొమ్మేం పోయింది?

కొత్త ఎలిమెంట్ నా డబ్బుతోనే వేయించా. తుప్పుని తనమీద వేసుకునే మెగ్నీషియం కడ్డీ కూడా అరిగిపోయింది, అదీ మార్చాం. పాత ఎలిమెంట్‌ని మాత్రం పంతం కొద్దీ రాత్రంతా నిమ్మఉప్పు నీళ్లలో నానబెట్టా, తెల్లారేసరికి పెచ్చులన్నీ ఊడి లోహం కనబడింది. బాత్రూం యాసిడ్ పొయ్యమని మా మరిది సలహా. పోస్తే సున్నంతో పాటు ట్యాంకూ పోతుంది, ఆయన మాట వినకండి. నీళ్లు ఎంత వేడెక్కాలో చూసే థర్మోస్టాట్ 75 డిగ్రీల మీదుండేది, 55కి దించాను. ఏడాదికోసారి మెయిన్ ఆపి విప్పి కడిగిస్తా.

మా ఆయన నీళ్ల కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టిద్దామంటున్నారు. దానికి ఎప్పటికప్పుడు ఉప్పు పోస్తుండాలట. ఆ బస్తాలు డాబా మీదికి ఎవరు మోస్తారో ముందు తేల్చమన్నాను.