కళ్లు మూయించే హిప్నాసిస్, కబుర్ల హిప్నాసిస్: ఒక డెంటిస్టు అనుభవం

పై దవడకి కొలత తీయడం పట్టుమని మూడు నిమిషాల పని. ఆల్జినేటు అనే అచ్చు తీసే పొడిని నీళ్లతో కలిపి, ట్రేలో వేసి, నోట్లో పెట్టి, గట్టిపడేదాకా పట్టుకుంటే చాలు. కొంతమందికి ఆ మూడు నిమిషాలూ నరకమే. ట్రే అంగిటికి తగలగానే ఓకరింతలు, కళ్లవెంట నీళ్లు, ఒక్కోసారి వాంతే అయిపోతుంది. తెనాలిలో క్లినిక్కు పెట్టిన కొత్తల్లో ఇలాంటివాళ్లకి కాలేజీలో నేర్పిందే చేసేదాన్ని. ముక్కుతో గాలి పీల్చమనడం, తల కాస్త ముందుకి వంచమనడం, ఒక కాలు గాల్లోకి ఎత్తి అలాగే పట్టుకోమనడం. కాలు ఎత్తించడం మా వృత్తిలో పాత చిట్కా. కాలు బరువెక్కేకొద్దీ ధ్యాస దాని మీదకి పోతుంది, ఈలోగా ట్రే పని అయిపోతుంది. ధ్యాస మళ్లితే ఓకరింత ఎలా ఆగుతుందన్నది మాత్రం నన్ను వదల్లేదు. ఆ ప్రశ్న పట్టుకునే హిప్నాసిస్ దాకా వెళ్లాను.

మా తరానికి హిప్నాటిజం అంటే పట్టాభిరామ్ గారే. ఆ మాట వింటే స్టేజీ, మైకూ గుర్తొస్తాయి తప్ప డెంటల్ కుర్చీ గుర్తురాదు. కోర్సులో చేరతానంటే మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "అయితే ఇక నీ పేషెంట్లు కోడిలా కూస్తారా?" అని. నిజానికి హిప్నోథెరపీని ఒక చికిత్సా పద్ధతిగా, తగిన శిక్షణ ఉన్నవాళ్లు వాడుకోవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2003లోనే చెప్పింది. అమెరికా వైద్య సంఘం 1958లోనే ఒప్పుకుంది. ఇదంతా ఆయనకి చెప్పి చూశాను. ఆయన నవ్వు మాత్రం ఆగలేదు.

హైదరాబాదులో శనాదివారాల క్లాసులు. చెప్పేది ఒక సైకియాట్రిస్టు. వచ్చినవాళ్లలో మత్తు డాక్టర్లు, కౌన్సిలర్లు, నాలాంటి డెంటిస్టులు. మొదట చెప్పింది కళ్లు మూయించే సంప్రదాయ పద్ధతే. దాని చరిత్రలో మన దేశానికీ ఒక పేజీ ఉందని అక్కడే తెలిసింది. జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాట్లాండు సర్జను 1845లో బెంగాల్లోని హుగ్లీలో, ఈథర్ మత్తు ఇంకా రాకముందే, హిప్నాటిజానికి ముందు రూపమైన మెస్మెరిజంతో ఆపరేషన్లు మొదలుపెట్టాడు. ఆయన సహాయకులు రోగి ఒంటి మీదుగా చేతులు ఆడిస్తూ గంటల తరబడి కూర్చునేవాళ్లట. మాంచెస్టర్‌లో జేమ్స్ బ్రెయిడ్ ఆ చేతులాడించడం పక్కన పెట్టి, తన శస్త్రాల పెట్టెని కళ్లకి కాస్త ఎత్తులో పట్టుకుని దాన్నే చూడమనేవాడు. సినిమాల్లో ఊగే గొలుసు గడియారం ఈ పద్ధతి చుట్టమే.

మాకు బాగా సాధన చేయించింది మాత్రం డేవ్ ఎల్మన్ పద్ధతి. ఈయన డాక్టరు కాదు, రేడియో మనిషి. కానీ అమెరికాలో డాక్టర్లకీ డెంటిస్టులకీ క్లాసులు చెప్పాడు. బయట పేషెంట్లు కాచుకుని ఉండేవాళ్లకి గంటలు కుదరవు కదా, ఈయన పద్ధతి నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. కళ్లు మూసుకోమంటాం. రెప్పల్ని ఎంత వదులు చెయ్యాలంటే, తెరవాలని చూసినా తెరుచుకోనంత. తరవాత కళ్లు తెరిపించి మళ్లీ మూయిస్తాం. రెండు మూడు సార్లు ఇలా చేస్తే ప్రతిసారీ ఇంకాస్త లోతుకి దిగుతారు. తరవాత మణికట్టు పట్టుకుని చెయ్యి కొంచెం ఎత్తి వదిలేస్తాం. తడిగుడ్డలా జారిపడితే ఒళ్లు వదులైనట్టు. ఆ పైన నూరు నుంచి వెనక్కి లెక్క పెట్టమంటాం, ఒక్కో అంకె అన్నాక మనసు ఇంకాస్త తేలికై, అంకెలు వాటంతట అవే మాయమవుతాయని చెప్తాం. నా జోడీగా కూర్చున్న కరీంనగర్ మత్తు డాక్టరు తొంభై ఏడు అని ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. అడిగితే "అంకె ఉందిగానీ చెప్పాలనిపించలేదు" అంది.

నేను అంత సులువుగా దిగలేదు. అందరూ ఒకేలా దిగరని 1959లోనే స్టాన్‌ఫర్డ్‌లో వైట్‌జెన్‌హోఫర్, హిల్గార్డ్ ఒక కొలబద్ద తయారు చేశారు. చెయ్యి బరువెక్కి కిందికి దిగుతోందని చెప్తే ఎంత దిగింది, వేళ్లు బిగుసుకున్నాయంటే విడదీయగలిగారా, ఇలా ఒక్కోదానికీ మార్కు. బాగా లోతుకి వెళ్లేవాళ్లు కొందరే, అసలు స్పందించనివాళ్లూ కొందరే. మిగతా జనమంతా మధ్యలో. నేనూ ఆ మధ్యలోదాన్నే.

క్లినిక్కులో సంప్రదాయ పద్ధతి నాకు బాగా అక్కరకొచ్చింది ఒక హైస్కూలు టీచరు గారి విషయంలో. జ్ఞానదంతం తీయాలి. సూది చూస్తే కళ్లు తిరుగుతాయి, అందుకని ఆవిడ ఏడాదిగా వాయిదా వేస్తున్నారు. ఏం చేయబోతున్నానో ముందే విడమరచి చెప్పి, సెలవు రోజున విడిగా రమ్మన్నాను. కళ్లు మూసుకున్నాక మనసుకి నచ్చిన చోటికి వెళ్లమంటే ఆవిడ సూర్యలంక వెళ్లారు. కాళ్ల కింద ఇసుక జారడం గురించి నేను చెప్తూ పోయాను, ఆవిడ ఊపిరి నెమ్మదించింది, మెడ పక్కన అదురుతున్న నరం సర్దుకుంది. జెల్ రాసి, ఇంజెక్షన్ మామూలుగానే ఇచ్చాను. (హిప్నాసిస్ చేస్తున్నాం కదా అని మత్తు మానేసే పనులు నేను పెట్టుకోను. ఎస్డెయిల్‌కి వేరే దారి లేదు, నాకు లిడోకెయిన్ ఉంది.) పన్ను తీశాక ఆవిడ అడిగింది ఒక్కటే, "అప్పుడే అయిపోయిందా?" అని. గడియారం చూస్తే దాదాపు ముప్పావుగంట. కాలం కుదించుకుపోయినట్టు అనిపించడం ఈ స్థితికి ఒక గుర్తు.

కానీ అందరికీ సెలవు రోజున రమ్మని చెప్పలేం. మామూలు రోజు సాయంత్రం బయట బెంచీ నిండా జనం, లోపల కంప్రెసర్ మోత, పక్క సందులో ఆటోల హారన్లు. పైగా హిప్నాసిస్ అనగానే "అంటే వశీకరణమా డాక్టరమ్మా?" అని లేచి కూర్చునేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లకి కళ్లు మూసుకోండి అనే మాటే పనికిరాదు. రెండో కోర్సుకి వెళ్లింది వాళ్లకోసమే. అది కబుర్ల హిప్నాసిస్, అంటే కళ్లు మూయించకుండా మామూలు మాటల్లోనే సూచనలు కలిపే పద్ధతి.

దీనికి మూలపురుషుడు మిల్టన్ ఎరిక్సన్, అమెరికన్ సైకియాట్రిస్టు. పదిహేడో ఏట పోలియోతో పక్కకి కూడా తిరగలేని స్థితిలో మంచాన పడి, పనేమీ లేక ఇంట్లో వాళ్లు మాట్లాడుకోవడం గమనించాడట. కాదంటూనే అవునని ఎలా తెలియజేస్తారో, అవునంటూనే కాదని ఎలా అంటారో అలా పట్టుకున్నాడు. ఆయన చిన్నప్పటి దూడ కథ క్లాసులో అందరికీ నచ్చింది. కొట్టంలోకి రానని మొరాయించే దూడని తండ్రి ముందు నుంచి లాగుతుంటే, పిల్లాడు వెనక్కి పోయి తోక పట్టుకుని లాగాడు. దూడ ఆ పిల్లాణ్ణి లాక్కుంటూ కొట్టంలోకి పరిగెత్తింది. ఎదుటివాళ్ల మొండితనాన్ని కూడా వాడుకోవడమే ఆయన పద్ధతి. కాన్సరు చివరి దశలో నొప్పితో ఉన్న ఒక పూలవ్యాపారికి హిప్నాసిస్ అన్న మాటే గిట్టదు. ఎరిక్సన్ ఆయన దగ్గర కూర్చుని టమాటా మొక్క ఎలా పెరుగుతుందో చెప్తూ పోయాడు. మధ్యమధ్యలో హాయి, నెమ్మది, నిద్ర, ఆకలి లాంటి మాటలు కాస్త గొంతు మార్చి దొర్లించాడు. ఈ పద్ధతిని 1966లో ఆయనే వ్యాసంగా రాశాడు.

ఈ కోర్సుల ప్రకటనలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఎదుటివాళ్లకి తెలియకుండా వాళ్ల మనసు గెలవండి, కస్టమరు చేత సంతకం పెట్టించండి, ఎవరినైనా ఒప్పించండి! అలా ఎవరి చేత పడితే వాళ్ల చేత ఏదంటే అది చేయించగలిగితే మా బాకీలన్నీ ఎప్పుడో వసూలయ్యేవి. పరోక్షంగా చెప్పే సూచనలు నేరుగా చెప్పేవాటికన్నా బలమైనవన్న వాదన కూడా అంతే. 1993లో ఈ పరిశోధనలన్నీ సమీక్షించినవాళ్లకి అలాంటి ఆధిక్యమేదీ నిలకడగా కనిపించలేదు. నాకు దొరికిన అదనపు లాభం బలం కాదు, సౌకర్యం. కుర్చీలో, పని చేస్తూనే, కంప్రెసర్ మోతలోనే చేయొచ్చు.

నేర్చుకోవడం మాత్రం ఇదే కష్టం. సంప్రదాయ పద్ధతికి ఒక వరస ఉంటుంది, బట్టీపట్టి అప్పచెప్పినా సగం పని అవుతుంది. ఇక్కడ వరసేమీ లేదు. మాకు వారానికి ఒకే ఒక్క పనిముట్టు ఇచ్చి, దాన్నే రోజంతా వాడమనేవారు. మొదటి వారం నోరు మూసుకుని చూడటమే. రెప్పలు కొట్టడం ఎప్పుడు నెమ్మదిస్తోంది, చూపు ఎప్పుడు నిలిచిపోతోంది, బుగ్గలు ఎప్పుడు వదులవుతున్నాయి, గుటక ఎప్పుడు వేస్తున్నారు. ఎల్మన్ పద్ధతిలో ఇవన్నీ ముందే చూసి ఉండబట్టి నాకు తేలికైంది. అది రానివాళ్లు ఏం చూడాలో తెలియక అవస్థపడ్డారు.

తరవాత వారం, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పి లేనిదాన్ని దానికి తగిలించడం. "కుర్చీ వెనక్కి వాల్చాను. లైటు కొంచెం పక్కకి జరిపాను. బయట ఆటో వెళ్తోంది. ఏసీ చల్లగా తగులుతోంది. భుజాలు వాటంతట అవే కొంచెం దిగుతూ ఉండొచ్చు." మొదటి నాలుగూ ఎవరూ కాదనలేనివి, అయిదోది వాటి వెనకాలే లోపలికి వెళ్లిపోతుంది. ఆ అయిదోది పేషెంటు ఊపిరి వదిలేటప్పుడు అనాలి. ఇది రాత్రిళ్లు ఫోనులో రికార్డు చేసుకుని విన్నాను. మొదట్లో నా గొంతు రైల్వే స్టేషన్ అనౌన్సుమెంటులా ఉండేది, మా అబ్బాయి పక్కగదిలోంచి "ప్లాట్‌ఫారం ఎంత?" అని అరిచేవాడు.

ఇంకో వారం కేవలం మాటలు మార్చుకోవడానికే. "కాస్త నొప్పిగా ఉంటుంది, ఓర్చుకోండి" అని మనం జాలిగా అంటాం. ఎల్విరా లాంగ్ అనే రేడియాలజిస్టు బృందం చూసిందేమిటంటే, నొప్పి, మంట అంటూ ముందే హెచ్చరిస్తే పేషెంటుకి నొప్పీ ఆందోళనా తగ్గకపోగా పెరుగుతున్నాయి. ఇప్పుడు నేను "చిగురు మొద్దుబారే మందు ఇస్తున్నా, చల్లగానో బరువుగానో తెలుస్తుంది, మీకెలా ఉందో తరవాత చెప్పండి" అంటాను. మా అసిస్టెంటు పిల్లకి "ఏం భయం లేదండీ" అనడం మాన్పించడానికే చాలా రోజులు పట్టింది. ఆ మాట విన్నాకే భయం పుట్టేవాళ్లు బోలెడుమంది.

దుగ్గిరాల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు, పసుపు రైతు. పై పళ్ల సెట్టు కట్టాలి. అద్దం పెట్టినా ఓకరింతే. ఇదివరకు ఇంకెక్కడో ప్రయత్నించి వదిలేసుకున్నారట. కాలు ఎత్తడానికి మోకాళ్లు సహకరించవు. నేను ట్రే ముట్టుకోకుండా పసుపు గురించి అడిగాను. కొమ్ములు ఉడికినట్టు ఎలా తెలుస్తుందండీ? నురగ వస్తుందమ్మా, వాసన మారుతుంది, పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి. ఆరిందని ఎలా తెలుస్తుంది? ఆయన రెండు చేతులతో విరుస్తున్నట్టు చూపించి, "విరిస్తే ఖంగుమనాలి" అన్నారు. చూపు అప్పటికే నా మీద లేదు, కళ్లంలో ఉంది.

అప్పుడు చెప్పాను. "నేను ట్రే పెట్టి మాట్లాడుతుంటాను, మీ ధ్యాస పసుపు మీద ఉంటే నా పని సుళువవుతుంది. ఆపాలంటే ఎడమచెయ్యి ఎత్తండి, ఆ క్షణమే తీసేస్తా." ఆయన తలూపారు. ట్రే పెట్టాను. "ఉడికిన పసుపు కళ్లంలో పోశారు... ఎండ మెల్లగా ఎక్కుతోంది... తొందరేం లేదు... మెత్తగా ఉన్నది కాస్తా దానంతట అదే గట్టిపడుతుంది... గాలి ముక్కుల్లోంచి హాయిగా వస్తూ పోతూ ఉంటుంది... ఆరేదాకా మనం కూర్చోవడమే..." మధ్యలో ఒక్కసారి గొంతు కదిలింది. "ఒక్కోసారి మబ్బు పడుతుంది, పోతుంది" అన్నాను. పోయింది. ట్రే తీసి చూస్తే అచ్చు శుభ్రంగా వచ్చింది. ఆయన నోరు పుక్కిలించి, ఈ ఏడు యార్డులో రేటెలా ఉందో చెప్పడం మొదలుపెట్టారు.

ఎడమచెయ్యి సంగతి నేను ఎప్పుడూ వదిలిపెట్టను. టీచరు గారికి ఏం జరుగుతోందో మొత్తం తెలుసు, ఒప్పుకునే కూర్చున్నారు. కబుర్ల పద్ధతిలో ఆ ఒప్పుకోలు జారిపోయే ప్రమాదం ఉంది. అందుకే హిప్నాసిస్ అనే పేరు ఎత్తకపోయినా, మాటలతో ఏం చేయబోతున్నానో ముందే చెప్తాను. ఖరీదైన ఇంప్లాంటు పెట్టించుకోమని చెప్పేటప్పుడు ఈ గొంతు వాడను. అప్పుడు లైటు ఆర్పేసి, కుర్చీ నిటారుగా పెట్టి, ధర కాగితం మీద రాసిస్తాను. మానసిక జబ్బుకి మందులు వాడుతున్నవాళ్ల మీద రెండు పద్ధతులూ ప్రయోగించను, గతజన్మల జోలికి అసలే పోను. హిప్నాసిస్ స్థితిలో లేని జ్ఞాపకాలు కూడా నిజమనిపించేలా పుట్టుకొస్తాయని క్లాసులో గట్టిగానే చెప్పారు.

జూనియర్లు ఫోను చేసి ఏది ముందు నేర్చుకోమంటారని అడుగుతుంటారు. కళ్లు మూయించేదే ముందు అంటాను. అందులో మనిషి మారడం ఎదురుగా కనిపిస్తుంది, మీ కన్ను అలవాటుపడుతుంది. రెండోదానికి డబ్బు కట్టే ముందు మాత్రం ఒక క్లాసులో కూర్చుని చూడండి. తెలుగులో, ఒకరి ఎదురుగా ఒకరిని కూర్చోబెట్టి సాధన చేయిస్తున్నారా, లేక ఇంగ్లీషు స్లైడ్లు చదివి సర్టిఫికెట్టు చేతిలో పెడుతున్నారా అన్నది ఆ ఒక్క పూటలో తెలిసిపోతుంది.