నాలుగు నెలలు లెక్కకి, నాలుగు నిమిషాలు డబ్బుకి

నేను చేసేది ఆడిట్ పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంకొకరి ఖాతాల్లో తప్పులు వెతకడమే ఉద్యోగం. అలాంటిదాన్ని, నా సొంత డబ్బు దగ్గరికొచ్చేసరికి ఇంకెవరైనా చేస్తే నోరు మూసుకుని ఊరుకోని తప్పు చేశాను. తప్పు లెక్కింపులో జరగలేదు. లెక్కింపు బాగానే వచ్చింది, అదే నా కొంప ముంచింది.

బ్లాక్‌జాక్ క్యాసినోలో ఆడే పేకాట. 21 దాటకుండా, ముక్కలు పంచే డీలర్ కన్నా దానికి దగ్గరగా వెళ్తే గెలుస్తాం. అందులో ముక్కలు లెక్కపెట్టడమంటే పోయిన ముక్కలన్నీ గుర్తుంచుకోవడమని చాలామంది అనుకుంటారు. గుర్తుంచుకోవాల్సింది ఒక్క అంకె. మిగిలిన ముక్కల్లో పదులు, బొమ్మలు, ఆసులు ఎక్కువగా ఉంటే ఆట మనవైపు మొగ్గుతుంది. మొదటి రెండు ముక్కలూ ఒక ఆసు, ఒక పది లేదా బొమ్మ అయితే దాన్నీ బ్లాక్‌జాక్ అనే అంటారు. అది పడితే మనకి ఒకటికి ఒకటిన్నర ఇస్తారు, డీలర్‌కి పడితే మన పందెం మాత్రమే పోతుంది. పైగా 16 దగ్గరున్న డీలర్ భయపడి ఆగడానికి లేదు, ఇంకో ముక్క తీయాల్సిందే. పెద్దది వస్తే 21 దాటి ఓడిపోతాడు. చిన్నవి మిగిలితే ఇదంతా తిరగబడుతుంది. గణితం ప్రొఫెసర్ ఎడ్వర్డ్ థార్ప్ ఈ సంగతిని 1962లో లోకానికి చెప్పాడు. మరుసటి ఏడాది హార్వీ డబ్నర్ దాన్ని సులువు చేశాడు. ఇప్పుడు హై-లో అంటున్నది అదే. 2 నుంచి 6 దాకా ఏది కనిపించినా ఒకటి కలుపు, పది, బొమ్మ, ఆసు కనిపిస్తే ఒకటి తీసెయ్యి, 7, 8, 9లని వదిలెయ్యి.

ఇంత సులువైనది నాకు నచ్చలేదు. ఆడిటర్‌ని కదా, మూడు కాలమ్స్ ఉంటే తప్ప లెక్క అనిపించదు. అందుకే ఒమేగా టూ అనే ఇంకో లెక్క పద్ధతి పట్టుకున్నాను. అందులో 2, 3, 7లకి ఒకటి, 4, 5, 6లకి రెండు, తొమ్మిదికి మైనస్ ఒకటి, పదికి, బొమ్మలకి మైనస్ రెండు, 8కి, ఆసుకి సున్నా. ఆసులకి సున్నా కాబట్టి వాటిని మళ్ళీ విడిగా లెక్కపెట్టుకోవాలి. మా తమ్ముడు ముక్కలు పంచేవాడు, నేను రాత్రిళ్ళు సాధన చేసేదాన్ని. వాడు కట్టలోంచి ఒక ముక్క దాచేవాడు. మిగతా 51 తిప్పాక దాచినది ఎలాంటి ముక్కో నేను చెప్పాలి. మూడో నెలకి కట్ట మొత్తం 30 సెకన్లలో తిప్పగలిగాను.

ఇంట్లో వచ్చింది బల్ల దగ్గర రాలేదు. పక్కన నలుగురు ఆటగాళ్ళు, డీలర్ చేయి ఆగదు, వెయిటర్ వచ్చి ఏదో అడుగుతాడు. తొమ్మిదిని మర్చిపోతాను, లేదా ఆసుల లెక్క మూడా నాలుగా అని ఆగుతాను, ఈలోగా రెండు చేతులు, అంటే రెండు ఆటలు, అయిపోతాయి. తర్వాత పట్టికలు తీసి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ఒక పద్ధతి పందెం ఎప్పుడు పెంచాలో ఎంత సరిగ్గా చెబుతుందో ఒక అంకెతో కొలుస్తారు. హై-లోకి అది 0.97, ఆసుల్ని విడిగా లెక్కపెట్టకపోతే ఒమేగా టూకి 0.92. ముక్క తీసుకోవాలా, ఆగాలా అనే నిర్ణయాల్లో మాత్రం ఒమేగా టూ ముందుంది, 0.67కి హై-లో 0.51. ఒకే కట్టతో ఆడే ఆటలో ఆ నిర్ణయాలకి విలువ ఎక్కువ. ఆరు కట్టల ఆటలో లాభం దాదాపుగా పందెం పెంచడంలోనే ఉంది. నేను ఆడుతున్నది ఆరు కట్టలతో. అంటే ఎక్కువ కష్టపడి తక్కువ పనికొచ్చేదాన్ని నేర్చుకున్నానన్నమాట.

హై-లోకి దిగిపోయాను. రెండు వారాల్లో ఊపిరి తేలికైంది. పది, ఐదు పక్కపక్కన పడితే కొట్టేసుకుంటాయి, చూడక్కర్లేదు. ఇక ఆ లెక్కని మిగిలిన కట్టలతో భాగించడం ఒకటే మిగులుతుంది. లెక్క ప్లస్ 9 ఉండి ఇంకా మూడు కట్టలు మిగిలితే అసలు లెక్క 3. అది కూడా తలనొప్పి అనిపించేవాళ్ళకి కేఓ అనే పద్ధతి ఉంది, 7కి కూడా ఒకటి కలుపుతారు. ఆరు కట్టలకి మైనస్ 20 దగ్గర మొదలుపెడితే భాగించకుండానే నడిచిపోతుంది. ప్లస్ 4 తగిలిన చోట అది చెప్పేది కచ్చితంగా ఉంటుంది, అక్కడి నుంచి దూరం జరిగేకొద్దీ అంచనా కొంచెం వదులవుతుంది. ఎవరైనా అడిగితే కేఓ లేదా హై-లో, ఏది తప్పుల్లేకుండా వస్తే అది అంటాను. మిగతావాటి మీద వాదన నాకిప్పుడు ఆసక్తి లేదు.

బల్ల ఎంచుకోవడం గురించి మాత్రం ఒక మాట. బ్లాక్‌జాక్‌కి ఒకటిన్నర బదులు ఐదుకి ఆరు ఇచ్చే బల్ల దగ్గర కూర్చోకండి. దానివల్ల క్యాసినో వాటా సుమారు 1.4 శాతం పెరుగుతుంది. మంచి నిబంధనలున్న చోట తప్పులేకుండా ఆడితే ఆ వాటా మొత్తం అర శాతమే. ముక్కల్ని ఎప్పటికప్పుడు యంత్రంలోకి తోసి కలిపే చోట కూడా లెక్క దండగ.

ఇక నా అసలు ఘనకార్యం. ఆటకని విడిగా తీసిపెట్టిన డబ్బు 200 యూనిట్లు. యూనిట్ అంటే బల్ల మీద కనీస పందెం. మామూలుగా ఒకటి పెట్టి, అసలు లెక్క 3కి చేరితే 8 పెట్టాలని అనుకున్నాను. ఈ ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చిందని మీరడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఎక్కడో చదివాను, బాగుంది అనుకున్నాను. నాలుగు నెలలు లెక్కకి పెట్టిన మనిషిని, దీనికి నాలుగు నిమిషాలు కూడా పెట్టలేదు.

మూడు రోజుల్లో 170 యూనిట్లు పోయాయి. లెక్క ఎక్కడా తప్పలేదు, ఆ మూడు రోజుల గురించి ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను. చివరి రోజు 8 పెట్టి 11 మీద పందెం రెట్టింపు చేశాను, ఇంకో 8. నాకు రెండు వచ్చింది. డీలర్‌కి 20.

ఇంటికొచ్చి తమ్ముడితో, "బల్లలో ఏదో మోసం ఉందిరా" అన్నాను.

వాడు స్టాటిస్టిక్స్ చదివాడు. "అక్కా, నీ దగ్గర మొత్తం ఎంత ఉండేది?" అన్నాడు. చెప్పాను. కాగితం తీసి నా ముందే వేశాడు.

లెక్క 3 ఉన్నప్పుడు మన మొగ్గు సుమారు 1 శాతం. ఒక యూనిట్ పందెం మీద ఒడిదుడుకుల కొలత, అంటే వేరియన్స్, సుమారు 1.3. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ఇచ్చిన సూత్రం ప్రకారం మొగ్గుని వేరియన్స్‌తో భాగిస్తే మన డబ్బులో ఎంత వంతు ఒడ్డాలో వస్తుంది. ఇక్కడ 0.77 శాతం. 200 యూనిట్లలో అది ఒకటిన్నర. నేను పెట్టింది ఎనిమిది, ఐదు రెట్లకు పైన. కెల్లీ చెప్పినదానికి రెట్టింపు దాటి ఒడ్డుతూ పోతే, మొగ్గు మనవైపే ఉన్నా చివరికి డబ్బు తరుగుతుంది. ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా చెమట పట్టింది.

తర్వాత దివాలా లెక్క. 8 యూనిట్ల పందేలే, అదీ 1 శాతం మొగ్గు ఉన్నప్పుడే ఆడుతున్నామనుకున్నా, 200తో మొదలుపెడితే మొత్తం ఊడ్చుకుపోయే అవకాశం నూటికి 68. మధ్యలో నష్టానికి ఆడే ఒక్కో యూనిట్ చేతులు ఇందులో లేనేలేవు. అదే పందెం 1000 యూనిట్లతో ఆడితే నూటికి 15, 2000తో అయితే 2.

"బల్లలో మోసం లేదక్కా" అన్నాడు.

నలుడి కథ గుర్తొచ్చింది. ఋతుపర్ణుడు తాండ్ర చెట్టుని ఒక్కసారి చూసి ఆకులు, కాయలు ఎన్నో చెప్పేశాడు. ఆ విద్యతో పాటు అక్షహృదయం, అంటే పాచికల రహస్యం, కూడా నలుడికి నేర్పాడు. పందెం ఎంత కాయాలో మాత్రం నేర్పినట్టు లేదు. నలుడు వెళ్ళి ఉన్నదంతా ఒక్క పందెంలో ఒడ్డాడు, గెలిచాడు కాబట్టి కథ అయింది.

ఇంకో లెక్క కూడా ఆ కాగితం మీదే ఉంది. ప్రతి చేతికీ 1 శాతం మొగ్గు ఉందనుకుని, ఒక్కో యూనిట్ చొప్పున 10,000 చేతులు ఆడితే సగటున 100 యూనిట్లు రావాలి. అటూ ఇటూ ఊగేది 114. అంటే అంత ఆడాక కూడా ఐదుగురిలో ఒకరు నష్టంలోనే ఉంటారు. నేను మూడు రోజులకే బల్లని అనుమానించాను.

ఇప్పుడు సగం కెల్లీకి, అంటే ఆ సూత్రం చెప్పినదానిలో సగం పందేనికి, దిగాను. డబ్బు పెరిగే వేగం నాలుగింట మూడొంతులు ఉంటుంది, పందెం మధ్యలో మార్చకుండా ఆడినా దివాలా భయం నూటికి 13.5 నుంచి 2కి పడిపోతుంది. డబ్బు తరిగితే పందెం కూడా తగ్గించాలి, అహం అడ్డొచ్చేది అక్కడే. అద్దె, ఫీజులు, అప్పు తెచ్చినది, వీటిలో ఒక్కటీ ఆ ఖాతాలోకి రాదు. వెయ్యి యూనిట్లు పోగయ్యేదాకా బల్ల దగ్గరకి వెళ్ళకూడదని పెట్టుకున్నాను. మిగిలిన 30తో కలిపి ఇప్పటికి 340 అయ్యాయి.

సాధన మాత్రం మానలేదు. నిన్న రాత్రి కట్టంతా తిప్పితే లెక్క సున్నా వచ్చింది. దాచింది 7, 8, 9లలో ఒకటి అన్నాను. వాడు నవ్వుతూ దుప్పటి కిందనుంచి రెండు ముక్కలు తీశాడు, కళావరు ఐదు, ఇస్పేటు రాజు.