బీసెంట్ నగర్ ఒడ్డున తాబేళ్లు

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చలికాలం చివర్లో చెన్నై ఒడ్డుకి గుడ్లు పెట్టడానికొస్తాయి. ఒక్కొక్కటీ వందకి అటూ ఇటూగా గుడ్లు ఇసుకలో పూడ్చి వెళ్లిపోతుంది. కుక్కలు తవ్వేయకుండా ఆ గుడ్లని హేచరీకి (పిల్లలయ్యేదాకా కాపాడే చోటికి) చేర్చడానికి ఇక్కడి విద్యార్థులు 1988 నుంచీ రాత్రుళ్లు తీరం వెంట నడుస్తున్నారు. నిన్న రాత్రి అక్కా నేనూ కూడా వాళ్లతో నడిచాం. గుడ్లు దొరకలేదు. ఒక చచ్చిన తాబేలు కనిపించింది, మునిగి చచ్చిందన్నారు.

"నీళ్లలో బతికేది నీళ్లలో మునిగి చావడమేంటే?" అంది అక్క.

తాబేలుకి ఉన్నవి మనలాంటి ఊపిరితిత్తులే. గాలి కోసం పైకి రావాలి. ట్రాలర్ (పెద్ద వలని ఈడ్చుకెళ్లే మరపడవ) వలలో చిక్కుకుంటే పైకి రాలేక చచ్చిపోతుంది. 2025 జనవరిలో ఈ తీరానికి వందలకొద్దీ కళేబరాలు కొట్టుకొచ్చాయి. ఒడ్డు నుంచి 5 నాటికల్ మైళ్ల లోపల ట్రాలింగ్ చేయకూడదని తమిళనాడు చట్టం ఉంది. తాబేలు తప్పించుకుపోయేలా వలకి బిగించే పరికరమూ ఉంది. కొంత చేప జారిపోతుందని జాలర్లకి భయం. అది వాళ్ల కడుపుకి తిండి, ఆ భయం నాకర్థమవుతుంది. ఆ నష్టం ప్రభుత్వం భరించాలి, గట్టిగా నిఘా పెట్టాలి.

ఇక మన చేతుల్లో ఉన్నది లైట్లు. పిల్ల తాబేళ్లు వెలుతురు వైపు పాకుతాయి, వీధి దీపాలు చూసి రోడ్డెక్కేస్తాయి. తిరువాన్మియూర్, నీలాంకరై వైపు ఒడ్డున ఉండే మనవాళ్లూ, మే దాకా రాత్రిపూట సముద్రం వైపు లైట్లు ఆపేయండి. మా అపార్టుమెంటు గ్రూపులో ఇవాళే అడిగాను, కొందరు సరేనన్నారు.