యోయిదోలో చర్చి పెట్టిన దినపత్రిక

సియోల్‌లో హాన్ నదిలో ఉన్న దీవి యోయిదో. కొరియా పార్లమెంటు, షేర్ల కంపెనీలు, కేబీఎస్ టీవీ అన్నీ అక్కడే. ఏప్రిల్‌లో చెర్రీ పూల కోసం జనం ఎగబడతారు. నేను వెళ్లింది మాత్రం 'కుక్మిన్ ఇల్బో' కోసం. పేపర్ డెస్కులో పనిచేసినవాణ్ణి, చర్చి పెట్టిన దినపత్రిక ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

సువన్‌లో ఉద్యోగం చేసే మా ఊరి కుర్రాడు తోడొచ్చాడు. కొరియన్ బాగా చదువుతాడు. మెట్రో దిగి ముందు యోయిదో ఫుల్ గాస్పెల్ చర్చికి వెళ్లాం. 1958లో చో యోంగ్గి, చోయ్ జాషిల్ గుడారంలో మొదలుపెట్టిన సంఘం అది. 1973లో ఈ దీవికి మారి, తర్వాత లక్షల మందికి పెరిగింది. ఆరాధనలో 'ప్రభువా' అని మూడుసార్లు కేకేసి, అందరూ ఒకేసారి గట్టిగా ప్రార్థన మొదలుపెడితే హాలు దద్దరిల్లింది.

ఈ చర్చే 1988 డిసెంబరులో పత్రిక పెట్టింది. 1987 ప్రజా ఉద్యమం తర్వాత సైనిక పాలన నాటి పత్రికా చట్టం రద్దయి, కొత్త పేపర్లకు దారి దొరికిన కాలమది. జనం చందాలతో 'హాంక్యోరే' అనే పేపర్ వచ్చిందీ ఆ ఏడాదే.

అక్కణ్ణుంచి యోయిదో పార్కు వైపు నడిచాం. పత్రిక ఆఫీసు అటువైపే. ఇప్పుడు చెట్లున్న ఈ పార్కు ఒకప్పుడు తారు మైదానం. 1973లో అమెరికా క్రైస్తవ బోధకుడు బిల్లీ గ్రాహం సభకు పది లక్షలకు పైగా జనం వచ్చింది ఇక్కడికే.

అచ్చు పేపర్ కోసం చాలా షాపులు తిరగాల్సి వచ్చింది. అందరూ ఫోన్‌లోనే చదువుతున్నారు మరి. దొరికాక బెంచీ మీద కూర్చుని పేజీలు తిప్పాం. రాజకీయాలు, కోర్టు కేసులు, వ్యాపారం, బేస్‌బాల్.

"అన్నా, ఇది మామూలు పేపరే కదా!" అన్నాడు మావాడు.

కాసేపటికి 'మిషన్ లైఫ్' పేజీలు వచ్చాయి. చర్చిల వార్తలు, పాస్టర్ల ఇంటర్వ్యూలు, మిషనరీల కబుర్లు. మన పేపర్లలో భక్తి పేజీ చాలాసార్లు ఖాళీ నింపడానికే ఉంటుంది. ఇక్కడ అదో పూర్తి విభాగం, విలేకరులు కూడా విడిగా ఉన్నారు.

యాజమాన్యం ఇప్పుడు నేరుగా చర్చి చేతిలో లేదు, 2006లో పెట్టిన ఫౌండేషన్ చూస్తోంది. అయినా గొడవలు ఆగలేదు. 2011 చివర్లో సమ్మెకు దిగిన జర్నలిస్టులు 173 రోజులు పట్టు వీడలేదు. చర్చి డబ్బుతో పుట్టిన పేపర్లో అంత మొండిగా నిలబడ్డారంటే, నాకైతే మిషన్ లైఫ్ కన్నా వాళ్లే ఎక్కువ నచ్చారు.